వెనక బాక్సుల్లో వాన

పెనుకొండలో హోం థియేటరు కొన్న మొదటి మనిషిని నేనే. రెండువేల రెండులో, ఉగాది అయిన వారానికి. అంతకుముందే మా ఇంట్లో ఉండేదని ఎవరైనా అంటే వాళ్ళను నా దగ్గరకు పంపండి, తేల్చుకుంటాను. చూశారా? ఇది గొప్పగా చెప్పుకునే సంగతి కాదని తెలిసి కూడా నోరు ఊరుకోదు. ఈ నోరే కొంప ముంచింది. నా కొంప మునిగి ఉంటే సరిపోయేది. ఇంకొకాయన కొంప ముంచింది.

నా పేరు రామాంజనేయులు. హైస్కూల్లో ఫిజిక్సు సారును. పదో తరగతికి ఇరవై ఏళ్ళు ధ్వని పాఠం చెప్పాను. ఆ పొగరుతోనే హిందూపురం పోయి, సురేంద్ర అంగట్లో ఆ సెట్టు కొన్నాను. నల్లటి పెద్ద రిసీవరు, ముందర మూడు బాక్సులు, వెనక రెండు, మూలకు పెట్టే బరువైన బాక్సు ఇంకొకటి. మా ఆవిడ వసుంధర అప్పటికి రెండేళ్ళుగా గ్రైండరు అడుగుతోంది. గ్రైండరు రాలేదు, ఇది వచ్చింది.

సురేంద్రే వచ్చి బిగించాడు. ఆయనకు బస్సు తొందర. వైర్లు దూర్చి, ముందర బాక్సుల్లో ఒక పాట వినిపించి, "ఎనక బాక్సుల్లోంచి చూడండి సార్, వాన పడితే మీ నెత్తిన పడినట్టే ఉంటాది" అని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆయన వెళ్ళాక వాన ఉన్న సినిమా సీడీ ఒకటి వేశాను. ముందర వాన దంచి కొట్టింది. వెనక చుక్క పడలేదు. లేచి వెళ్ళి వెనక బాక్సుకు చెవి ఆనించాను. ఊహూ. రిమోటులో ఉన్న బటన్లన్నీ నొక్కాను. సెట్టుతో పాటు ఇచ్చిన పుస్తకం తీసి చదివాను, అందులో సగం నాకు అర్థం కాలేదు. వసుంధర పీట మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతూ, "ఏమండీ, వెనక ఏమీ పలకడం లేదు కదా?" అంది.

"పలుకుతోంది. నీకు వినడం రాదు" అన్నాను.

ఆమె నా మొహం వైపు ఒకసారి చూసి మళ్ళీ చిక్కుడుకాయల మీద పడింది. గ్రైండరు మానేసి దీన్ని తెచ్చినవాణ్ణి, ఇది పలకడం లేదని ఆమె ముందు ఎట్లా ఒప్పుకుంటాను? సురేంద్రకు ఫోను చేసి, 'ఏ వైరు ఎక్కడ పెట్టాలో నాకు తెలియదబ్బా' అని ఎట్లా అడుగుతాను? ఎమ్మెస్సీ చదివినవాణ్ణి! సిగ్గు లేని జన్మ నాది. అడగాల్సిన చోట సిగ్గు పడ్డాను, సిగ్గు పడాల్సిన చోట ఛాతీ విరిచాను.

పది రోజులకు అంగడికి వెళితే సురేంద్ర నలుగురు గిరాకీల ముందు అడిగాడు. "ఏం సార్, ఎట్లుండాది మన సెట్టు?"

"బ్రహ్మాండం" అన్నాను.

"ఆ మాటే ఒక కాగితం మీద రాసీయండి సార్. వాడినోళ్ళ మాటనే జనం నమ్మేది. నేను చెప్తే అంగడోని మాట అంటారు."

రాసిచ్చాను. 'వెనక నుంచి నిజంగా వాన పడుతున్నట్టే ఉంటుంది.' కింద పేరు, ఎమ్మెస్సీ, బీయీడీ, ఫిజిక్సు ఉపాధ్యాయుడు. ఆయన దానికి లామినేషన్ చేయించి గల్లా పైన తగిలించాడు. అక్కడితో ఆగలేదు. ఎవరికైనా ఇంకా అనుమానం ఉంటే, "పెనుకొండలో సారింటికి పోయి ఇని రాండి" అని పంపేవాడు. ఆదివారం వస్తే మా ఇంటికి జనం. వసుంధర కాఫీలు కలిపేది, నేను వాన సీడీ వేసేవాణ్ణి. వచ్చినవాళ్ళు కాసేపు తల పక్కకు వంచి కూర్చునేవాళ్ళు. నేను వెనక్కి వేలు చూపించి, "అదిగో" అనేవాణ్ణి. "అవునవును సార్" అనేవాళ్ళు. ఒక్కరూ కాదనలేదు. కొన్నాళ్ళకు నాకే ఒకటి రెండుసార్లు వినపడినట్టు అనిపించింది. అబద్ధానికి అంత బలం ఉంటుంది.

జూన్ నెలలో ధర్మవరం నుంచి శ్రీనివాసులు వచ్చాడు. పట్టుమగ్గాల యజమాని. తోడు ముగ్గురు నలుగురు మగ్గాలవాళ్ళు, వాళ్ళతో ఒక సన్నపాటి పెద్దాయన. "ఈయన ఈరన్న సార్. నలభై ఏండ్లుగా హార్మోనియం పెట్టెలు శ్రుతి చేస్తాండాడు. పుట్టపర్తి భజన పెట్టెలన్నీ ఈయన చేతిలోవే. ఈయన చెవి మేలు. ఈయన బాగుందంటే కండ్లు మూసుకోని కొంటా" అన్నాడు.

ఇట్లాంటి చెవి అంతకుముందు మా ఇంటికి రాలేదు. అయినా సీడీ వేశాను. వాన మొదలైంది. అందరూ తలలు వంచారు. "అదిగో" అన్నాను. "అవును సార్, బలే ఉండాది" అన్నాడు శ్రీనివాసులు. మిగతావాళ్ళు కూడా అన్నారు. ఈరన్న మాత్రం కళ్ళు మూసుకుని అట్లాగే కూర్చున్నాడు. సీను అయిపోయాక నెమ్మదిగా కళ్ళు తెరిచాడు.

"సార్, నాకు ఎనక నుంచి ఏం వినపడల్యా" అన్నాడు.

అందరూ నా వైపు చూశారు. కాఫీ గ్లాసులు పట్టుకుని వసుంధర గుమ్మంలోనే ఆగిపోయింది. ఆ క్షణంలో నేను చేయగలిగిన మంచిపని ఒకటే ఉండింది. నేను చేసింది ఇది. నవ్వాను.

"నలభై ఏళ్ళుగా ఆ రీడ్ల దగ్గరే చెవి పెట్టుకుని కూర్చున్నావు కదప్పా. చెవులు అరిగిపోయుంటాయి. సన్నటి శబ్దాలు ముందు పోతాయి, అది సైన్సు."

అందరూ నవ్వారు. "ఈరన్న చెవులు రిటైరైపోయినాయబ్బా!" అన్నాడు ఒకడు. ఈరన్న నవ్వలేదు. కుడి చెవి మీద చెయ్యి పెట్టుకుని, తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. "అట్లనా సార్" అన్నాడు. కాఫీ తాగి వెళ్ళిపోయారు. శ్రీనివాసులు అదే వారం సెట్టు కొన్నాడు.

ఆగస్టులో సురేంద్ర ఈ పక్కకు వచ్చి మా ఇంట్లో అడుగు పెట్టాడు. సీడీ వేసి ఉంది. ఒక్క నిమిషం విన్నాడు, వెనక్కి తిరిగి చూశాడు.

"సార్, మీరింకా సీడీలే ఏస్తాండారా? దీంట్లో ఎనక సౌండే ఉండదు కదా! డీవీడీ ప్లేయరు పెట్టి, ఇంగో వైరు ఏసుకోవాల. నేను ఆ పొద్దు బస్సు తొందరలో చెప్పడం మర్సిపోయినా." అని ఆగాడు. "మరి... వాన పడినట్టుందని రాసిస్తిరి?"

నేను గోడ వైపు చూశాను. "ఆ కాగితం తీసెయ్ సురేంద్రా" అన్నాను.

"ఉండనీలే సార్. దాంతోనే కదా అమ్ముడుపోతాండేది" అని నవ్వేసి వెళ్ళాడు. నేనూ ఉండనిచ్చాను. అది నా రెండో తప్పు. మొదటిది సిగ్గు కొద్దీ చేశానని ఎవరికైనా చెప్పుకోవచ్చునేమో. దీనికి ఏం చెప్పుకోను?

జనవరిలో జెండా పండగ దగ్గర పడింది. స్కూలు హార్మోనియం రెండు రీడ్లు అపశ్రుతి పలుకుతుంటే హెడ్మాస్టరు నన్ను పట్టుకున్నాడు. పెట్టెను బస్సులో వేసుకుని ధర్మవరం వెళ్ళి, ఈరన్న ఇల్లు వెతికి పట్టుకున్నాను. ఆయన ఇంట్లో లేడు. భార్య కుళ్ళాయమ్మ పెట్టెను చూడగానే తల అడ్డంగా ఊపింది.

"ఆయప్ప ఇప్పుడు పెట్టెలు ముట్టడంల్యా సారూ. మానేసినాడు. శ్రీనివాసులు మగ్గాల కాడ దారం కండెలు చుడతాండాడు."

"ఎందుకమ్మా?"

"చెవులు పోయినాయంట. ఏడు నెల్లాయ. ఎవరో పెనుకొండ సైన్సు సారంట, ఆ సారు చెప్పినాడంట. ఆసుపత్రికి తీసకపోతి. వాళ్ళు అన్నీ చూసి, చెవులు నిక్షేపంగా ఉండాయమ్మా అన్నారు. ఈయప్ప నమ్మల్యా. డాక్టరుకు మాట వినపడేది తెలుస్తాది గానీ శ్రుతి ఏం తెలుస్తాది, సైన్సు సారు చెప్పింది వేరే అంటాడు. పెట్టె ఒళ్ళో పెట్టుకోని గీకుతాడు, వింటాడు, నాకే అనుమానంగా ఉండాదే అంటాడు. పరాయోళ్ళ పెట్టెలు చెడగొట్టకూడదని అన్నీ తిరిగిచ్చేసినాడు." చెంబుతో నీళ్ళు తెచ్చి నా చేతికిచ్చింది. "మీరు యాడి నుంచి వచ్చినారు సారూ?"

నీళ్ళు తాగాను. "హిందూపురం" అన్నాను. చెంబు ఆమె చేతికిచ్చి, పెట్టె ఎత్తుకుని వచ్చేశాను. బస్సులో కూర్చుని నన్ను నేను తిట్టుకోని తిట్టు లేదు. ఊరి పేరు కూడా దాచుకునేంత పిరికివాడు పిల్లలకు పాఠాలు చెప్తున్నాడు!

ఇంటికొచ్చి మొత్తం వసుంధరకు చెప్పాను. ఆమె అరుస్తుందనుకున్నాను. అరవలేదు. "నాకు వినడం రాదన్నప్పుడే అనుకున్నా, ఇది ఎవరి మీదనో పడుతుందని" అంది. ఆ మాట కంటే చెంప మీద కొట్టినా బాగుండేది.

మరుసటి ఆదివారం మళ్ళీ వెళ్ళాను. ఈరన్న ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు, కుర్చీ వేశాడు. కుళ్ళాయమ్మ నన్ను గుర్తుపట్టి, ఆయన 'సైన్సు సార్' అనడం విని, గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. నేను కూర్చోకుండానే చెప్పాను. వెనక బాక్సులు ఎన్నడూ పలకలేదని, నాకు మొదటి రోజే తెలుసునని, నా పరువు కోసం ఆయన చెవుల మీద నింద వేశానని.

ఈరన్న అంతా విని చేతులు జోడించాడు. "మీది పెద్ద మనసు సార్. నా మీద జాలితో ఇంత దూరం వచ్చి అబద్ధమాడతాండారు. వద్దు సార్. మీరు ఆ పొద్దు చెప్పిందే నిజం. ఆడ అంతమందికి వినపడింది కదా, నాకొక్కనికే కదా వినపడనిది."

అబద్ధం చెప్తే నమ్మాడు, నిజం చెప్తే నమ్మడం లేదు.

కుళ్ళాయమ్మ కొంగు బిగించి ముందుకు వచ్చింది. "నా చేతి నీళ్ళు తాగి హిందూపురం అని చెప్పిపోయిన పెద్దమనిషివి నువ్వేనా? ఆ పొద్దు నలుగురి ముందర అంటివి కదా. ఇప్పుడు చాటుగా వచ్చి ఇంట్లో చెప్తే ఏం లాభం? చెప్పేదుంటే ఆ నలుగురి ముందరే చెప్పు."

ఆమె చెప్పింది న్యాయం. పెనుకొండలో దిగకుండా నేరుగా హిందూపురం పోయి ఆ కాగితం పీకేశాను. సురేంద్ర ఏదో అనబోయి నా మొహం చూసి ఊరుకున్నాడు. ఆ తర్వాత శ్రీనివాసులునూ, ఆ రోజు వచ్చిన మిగతావాళ్ళనూ మళ్ళీ మా ఇంటికి పిలిచాను. ఈరన్న రానన్నాడు. కుళ్ళాయమ్మ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

అదే గది, అదే సీడీ. వాన మొదలైంది. అందరూ తలలు వంచారు.

"శ్రీనివాసులూ, వెనక నుంచి వస్తోందా?"

"వస్తాండాది సార్. మా ఇంట్లో కూడా ఇట్లే వస్తాది" అన్నాడు. మిగతావాళ్ళు కూడా వస్తోందన్నారు. ఒకడైతే నెత్తి తడుముకున్నాడు.

"నీకు ఈరన్నా?"

"నాకు చెవులు యాడుండాయి సార్" అన్నాడు నేల చూస్తూ.

అప్పుడు లేచి వెనక్కి వెళ్ళి, రెండు బాక్సులూ ఎత్తి తెచ్చి అందరి మధ్యన పెట్టాను. వాటికి వైర్లు లేవు. పొద్దున్నే పీకి పారేశాను. ముందర వాన ఇంకా కురుస్తూనే ఉంది. శ్రీనివాసులు మొహం కందగడ్డలా అయిపోయింది.

"వీటిలోంచి వాన ఎన్నడూ రాలేదు. నాకూ వినపడలేదు. నాకు తెలియదని చెప్పుకోలేక అబద్ధమాడాను. మీరంతా నా మాట విని తలలూపారు. ఇక్కడ చెవులున్న మనిషి ఈరన్న ఒక్కడే" అన్నాను. నలభై తొమ్మిదేళ్ళ మనిషిని, క్లాసులో గోడలు అదిరేటట్టు అరిచేవాణ్ణి, ఆ నాలుగు మాటలకే చెమటలు పట్టాయి.

ఈరన్న బాక్సుల దగ్గరికి వచ్చి వంగాడు. వైరు పెట్టే చోట వేలితో తడిమి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఏడు నెల్లు సార్" అన్నాడు. "నా మనవరాలు ఎనక నుంచి పిలిస్తే కూడా నిజంగా పిలిచిందో, నాకే అనిపించిందోనని తిరిగి చూస్తాంటి."

తప్పయిపోయిందన్నాను. కుళ్ళాయమ్మ వసుంధర కాఫీ ముట్టకుండానే ఆయన్ను తీసుకుని వెళ్ళిపోయింది.

నెల తిరక్కముందే ఈరన్న మళ్ళీ పనికి కూర్చున్నాడని శ్రీనివాసులు కబురు చెప్పాడు. ప్రాణం లేచి వచ్చింది. మళ్ళీ అంతా మామూలే అనుకుంటూ, గుండె మీది బరువు దింపుకోవడానికి ధర్మవరం బస్సెక్కాను.

వాకిలి తెరిచే ఉంది. కనగానపల్లి భజన గుడివాళ్ళ పెట్టె ఆయన ఒళ్ళో ఉంది. రీడు బయటికి తీసి, సన్న ఆకురాయితో ఒక్క గీకు గీకి, మళ్ళీ బిగించి నొక్కాడు. స్వరం నాకే తెలిసేంత శుభ్రంగా పలికింది. నా పెదాల మీదికి నవ్వు వచ్చింది. లోపలికి అడుగు పెట్టబోయాను.

"ఏమే, కుళ్ళాయీ" అని పిలిచాడు ఈరన్న. "ఒకసారి ఈడికి రా. ఇది సరిగ్గా పలుకుతాందా?"

ఆమె వంటింట్లోంచి పిండి చేతులతో వచ్చి నిలబడింది. నొక్కాడు. "సరిగ్గానే ఉండాది" అంది. ఆమెకు శ్రుతి అంటే ఏమిటో తెలియదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. ఆమె లోపలికి వెళ్ళింది. ఆయన పక్క రీడు తీసి గీకి, బిగించి, నొక్కి, చాలాసేపు విని, మళ్ళీ ఆమెను పిలిచాడు.

నలభై ఏళ్ళు ఆయన ఎవరినీ అడగలేదు. నేను గడప దాటకుండానే వెనక్కి తిరిగాను.