పిల్లికూతలు

వానలు మొదలైన దగ్గర్నుంచీ జానకిరామ్ ఇంట్లో పిల్లిని వెతుకుతున్నాడు. లేని పిల్లిని వెతకడం ఎంత కష్టమో పటమట మొత్తం మీద అతనొక్కడికే తెలుసు.

ఓ ఆదివారం మధ్యాహ్నం ముసురు పట్టింది. భోంచేసి నడుం వాల్చిన సుధామణి ఉన్నట్టుండి లేచి, "ఏవండీ, మనింట్లో ఎక్కడో పిల్లిపిల్ల ఉంది, వినండి," అంది. అరుస్తోంది పిల్లిపిల్ల కాదు, పక్కనే పడుకున్న మొగుడి ఛాతీ. ఆ ముక్క చెప్పడానికి నోరు రాక అతను మంచం కిందా, బీరువా వెనకా వెతికాడు. ఆ దుమ్ముకి పిల్లి ఇంకాస్త గట్టిగా అరిచింది. కింద చూసొస్తానని మెట్లు దిగి, స్కూటర్ డిక్కీలో దాచుకున్న ఇన్‌హేలర్ పీల్చుకుని, "వెళ్ళిపోయిందిలే," అంటూ పైకొచ్చాడు. సుధామణి జాలిగుండె మనిషి. ఆ రోజు నుంచీ బాల్కనీలో గిన్నెతో పాలు పెడుతోంది. దారినపోయే పిల్లేదో ఆ పాలు తాగిపోతూ ఉండడంతో అబద్ధానికి సాక్ష్యం కూడా దొరికింది.

అతనికి ఉబ్బసం చిన్నప్పటి నుంచీ ఉంది. కానీ బందర్లో వాళ్ళింట్లో ఆ పేరు ఎవరూ ఎత్తరు. తల్లి గంగారత్నం గారు "మా వాడికి కాస్త పిల్లికూతలు," అనేది, అదీ గొంతు తగ్గించి. మృగశిర కార్తెకి వరసగా మూడేళ్ళు హైదరాబాదు తీసుకెళ్ళి, బతికున్న చేపపిల్లతో మందు మింగించి, ఇక జబ్బు పోయిందని తనే తీర్మానించేసింది. పెళ్ళిమాటలప్పుడు ఆ తీర్మానం బాగా పనికొచ్చింది.

పెళ్ళిచూపుల్లో సుధామణి అతన్ని అడిగింది ఒకే ఒక్క సంగతి. మైలవరంలో వాళ్ళ డాబా మీద, ఇద్దరే ఉన్నప్పుడు అడిగింది. "మా బావకి మూర్ఛ ఉన్న సంగతి దాచిపెట్టి మా అక్కని చేసుకున్నారండీ. తెలిసిన రోజే అది ఇల్లు వదిలి వచ్చేసింది. జబ్బుందని కాదు, దాచారని. మీకేదైనా ఉంటే ఇప్పుడే చెప్పండి, సర్దుకుంటాను. తర్వాత తెలిస్తే మాత్రం నావల్ల కాదు."

"అలాంటివేం లేవండీ," అన్నాడు జానకిరామ్. అనేశాక నాలుక కరుచుకున్నాడు గానీ, ఈలోపే ఆమె నవ్వింది. ఆ నవ్వు పోగొట్టుకోవడం ఇష్టంలేక ఊరుకున్నాడు. నాలుగు నెలల్నించీ ఊరుకుంటూనే ఉన్నాడు.

ఇప్పుడా మనిషి అతన్ని సముద్రం అడుక్కి తీసుకెళ్తానంటోంది.

అండమాన్‌లో స్కూబా డైవింగ్ అట. వీపుకి గాలి సిలిండర్ తగిలించుకుని రంగురంగుల చేపల మధ్య తిరగడమట. సుధామణి పొలం బావుల్లో ఈత నేర్చిన పిల్ల. బళ్ళో సైన్సు చెబుతుంది. ఫోన్లో పగడపు దిబ్బల వీడియోలు చూసీ చూసీ పిచ్చెక్కించుకుంది. వానాకాలమైతే జనం ఉండరు, సముద్రం కాస్త నెమ్మదించిన రోజు చూసి దింపుతారు అని అన్నీ కనుక్కుని పెట్టింది. జానకిరామ్ గవర్నర్‌పేటలో కరెంటు సామాన్ల హోల్‌సేల్ కొట్టుకి మేనేజరు. కొట్టు తెరవగానే వాతావరణం వార్తలు పెట్టుకుని కూర్చునేవాడు. బంగాళాఖాతంలో అల్పపీడనం అంటే అతని ప్రాణం లేచొచ్చేది. అది ఒడిశా వైపు వెళ్ళిపోయిందంటే నీరుగారిపోయేవాడు. తుఫాను రావాలని కోరుకున్న బందరు వాడు ఇతనొక్కడే అయ్యుంటాడు.

చివరికి ఎలాగైనా ఆపమని తల్లికి చెప్పాడు. అడ్డం వేయడంలో గంగారత్నం గారు ఆరితేరిన మనిషి. కోడలికి ఫోన్ చేసి, "అమ్మాయ్, మీరు వెళ్దామనుకునేది ఆషాఢంలో. కొత్త కోడలు ఆషాఢంలో అత్తగారి గడప తొక్కకూడదు. పుట్టింటికెళ్ళి హాయిగా ఉండు," అంది.

"అందుకే కదా అత్తయ్యా అండమాన్ వెళ్తోంది. అక్కడ మీరూ ఉండరు, మీ గడపా ఉండదు," అంది సుధామణి ఎంతో వినయంగా.

మొగుడూ పెళ్ళాం కూడా దూరంగా ఉండాలని చెప్పడానికి గంగారత్నం గారికి మొహమాటం అడ్డొచ్చింది. ఆపబోయిన మనిషే ముహూర్తం పెట్టినట్టయింది.

జానకిరామ్‌కి ఇక దారి లేదు. నీళ్ళలో ఊపిరి ఆడకపోతే ఎవర్ని పిలవాలి, ఎలా పిలవాలి అని రాత్రిళ్ళు ఆలోచించేవాడు. చచ్చిపోతానన్న భయం ఒకపక్క, సుధామణి వాళ్ళక్కలా వెళ్ళిపోతుందన్న భయం ఒకపక్క. రెండోదే పెద్దదిగా కనిపించింది అతనికి. దిగే ముందు ఓసారి మందు పీల్చుకుంటే ఎలాగోలా గడిచిపోతుందిలే అని మనసు రాయి చేసుకున్నాడు.

శనివారం సాయంత్రం జోరున వాన. డైవింగ్ చేయించే జయపాల్ ఫోన్ చేశాడు. అండమాన్‌లో స్థిరపడ్డ తెలుగువాడే. సుధామణి స్పీకర్ పెట్టింది.

"టికెట్లు తీసుకునే ముందు ఆరోగ్యం సంగతి అడగాలి సార్. దాచకుండా చెప్పాలి. బీపీ ఉందా?"

"లేదండీ," అన్నాడు జానకిరామ్.

"గుండె జబ్బు?"

"లేదండీ."

"ఆస్తమా?"

"లేదండీ."

పరీక్షలో బాగా జవాబు చెప్పిన పిల్లాడిని మెచ్చుకున్నట్టు సుధామణి అతని భుజం మీద చెయ్యేసింది.

"ఆస్తమా అంటే చాలామంది లేదనేస్తారు సార్. అందుకే మన మాటలో ఇంకోసారి అడుగుతుంటాను. పిల్లికూతలు వస్తాయా?"



"పిల్లికూతలేంటండీ?" అంది సుధామణి నవ్వుతూ.

"అదేనమ్మా, ఊపిరి వదులుతుంటే ఛాతీలో పిల్లి కూసినట్టు సన్నగా చప్పుడొస్తుంది. ముసురుకీ దుమ్ముకీ ఎక్కువవుతుంది. అలాంటి వాళ్ళని నేను దింపను. నీళ్ళ కింద ఊపిరి ఆడకపోతే పైకి తెచ్చేలోపే మనిషి దక్కకపోవచ్చు."

సుధామణి నవ్వు ఆగిపోయింది. భుజం మీద చెయ్యి కాసేపు అలాగే ఉంది, తర్వాత తీసేసింది. "మళ్ళీ చేస్తానండీ," అని ఫోన్ పెట్టేసింది.

"మీరు దిగేవారేనా?" అంది.

"దిగేవాణ్ణే," అన్నాడు. ఇక అబద్ధమాడడానికి ఓపిక లేదు.

"నీళ్ళలో మీకేమన్నా అయితే?"

"నువ్వు పక్కనే ఉంటావుగా అనుకున్నాను."

"ఉండేదాన్ని. మీకేమవుతోందో తెలియక, చూస్తూ ఉండేదాన్ని," అంది ఆమె. "మొగుణ్ణి సముద్రంలో ముంచి వచ్చిందని లోకం అనేది. మీ అమ్మగారు నోరు విప్పేవారు కాదు. నేనే చంపుకున్నానని నేను కూడా నమ్మేదాన్ని."

జానకిరామ్‌కి ఆ మాట ఎన్నడూ తట్టలేదు. ఇన్నాళ్ళూ తన చావు గురించే భయపడ్డాడు తప్ప, ఆ తర్వాత ఆమె బతుకు గురించి ఆలోచించలేదు. సిగ్గుతో కుంచించుకుపోయాడు. ఏదో చెప్పబోతే ఊపిరి అందలేదు. ఛాతీలో కూత మొదలైంది. సుధామణి కదలకుండా వింది.

"మందెక్కడుంది?"

"డిక్కీలో," అన్నాడు అతికష్టం మీద.

తాళం తీసుకుని వానలోనే కిందికి పరిగెత్తింది. తడిసి ముద్దయి వచ్చి ఇన్‌హేలర్ చేతిలో పెట్టింది. అతని ఊపిరి కుదుటపడేదాకా ఎదురుగా నిలబడింది. పక్కన మాత్రం కూర్చోలేదు.

అప్పుడు జయపాల్‌కి మళ్ళీ ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి, అతని ముందుంచింది. "మీరే చెప్పండి."

"జయపాల్ గారూ," అన్నాడు జానకిరామ్, "నాకు ఉబ్బసం ఉందండీ. చిన్నప్పటి నుంచీ ఉంది."

"ముందే చెప్పి మంచి పని చేశారు సార్."

"ముందు కాదండీ," అంది సుధామణి, మొహం మీది వాననీళ్ళు తుడుచుకుంటూ. "నాలుగు నెలలు ఆలస్యంగా చెప్పారు."

అవతల జయపాల్‌కి ఏమీ అర్థం కాలేదు. "అయితే ఇద్దరి బుకింగూ తీసేయమంటారా అమ్మా?" అని అడిగాడు.

జానకిరామ్ ఆమె మొహంలోకి చూశాడు. ఆమె ఫోన్ వైపే చూస్తోంది.

"నాది ఉంచండి," అంది. "ఈయన సంగతి ఆలోచించి చెబుతాను."