కోర్టు మనిషి వస్తున్నాడని

శ్లాబు పెచ్చు ఊడిపడినప్పుడు నేను దారపు ఉండ కోసం లోపలికి వెళ్లాను కాబట్టి బతికిపోయాను. నా ఎంబ్రాయిడరీ మిషను మాత్రం నుజ్జునుజ్జయింది. దానితోపాటు నా బతుకుతెరువూ పోయింది. అప్పటికి ఇంటికి వేసిన రంగు ఇంకా వెలిసిపోనేలేదు.

మా వరసలో ఇళ్లన్నీ కట్టింది ఒక్కడే. మనిషెప్పుడూ నవ్వుతూ ఉంటాడని అందరూ నవ్వుల మేస్త్రి అంటారు. నష్టపరిహారం అడిగితే అప్పుడూ నవ్వాడు.

"పెచ్చు ఊడితే పూయిస్తానమ్మా. మిషనుకీ నాకూ ఏంటి సంబంధం? దాన్ని శ్లాబు కింద పెట్టమని నేను చెప్పానా?"

శ్లాబు కింద కాకపోతే నడివీధిలో పెట్టుకుని కుట్టాలా? ఒళ్లు మండిపోయింది. మావారు "ఎందుకొచ్చిన గొడవ" అన్నారు. ఆయన అన్నిటికీ అదే అంటారు. నేను కేసు వేశాను.

"కోర్టు ఒక కమిషనర్ని పంపిస్తుంది. ఆయన వచ్చి చూసి రాసిందే మనకు ఆధారం. అప్పటిదాకా ఆ పైకప్పు జోలికి వెళ్లకండి" అని లాయరమ్మ మరీ మరీ చెప్పింది. ఫోటోలున్నాయిగా అన్నాను. అవి మీ ఇంటివేనని నమ్మకమేంటని అవతలి లాయరు అప్పుడే అనేశాడట.

సరేనని తుప్పు చువ్వల కిందే కాపురం చేశాం. అలా ఎందుకు ఉంచామో నేను విడమరిచి చెప్పలేదు, అత్తగారికి మాత్రం అది తలకొట్టేసినట్టుగా ఉండేది. ఎవరొచ్చినా గుమ్మంలోనే మాట్లాడి పంపించేసేవారు.

కమిషనరు వచ్చే ముందురోజు లాయరమ్మ దగ్గరికి వెళ్లి వచ్చేసరికి ముందుగది పైకప్పు నున్నగా, పైన సున్నం కూడా కొట్టి తెల్లగా ఉంది. గదంతా పచ్చి సిమెంటు వాసన.

"ఏంటత్తయ్యా ఇది?"

"కోర్టు మనిషి ఇంటికొస్తుంటే ఆ దరిద్రం చూపించుకుంటామా? మేస్త్రే మనుషుల్ని పంపాడు. డబ్బులు కూడా వద్దన్నాడు. ఎంతైనా మంచివాడే."

"మంచివాడా! మన కేసంతా ఆ పూత కింద పూడ్చిపెట్టి పోయాడత్తయ్యా!"

ఎప్పుడూ ఆమె మీద గొంతు పెంచనిదాన్ని, ఆ రోజు వీధి చివరికి వినపడేలా అరిచాను. విషయం అర్థమయ్యాక ఆమె ముఖం పాలిపోయింది. అన్నం కూడా తినలేదు. నేనూ తినమని అడగలేదు, అంత కోపంగా ఉంది.

మర్నాడు కమిషనరు వచ్చాడు. వెనకాలే చేతులు కట్టుకుని మేస్త్రి. కమిషనరు పైకి చూశాడు.

"బాగానే ఉందిగా?"

"నిన్ననే పూసేశారండీ. లోపల చువ్వలన్నీ..."

"లోపలిది నాకెలా తెలుస్తుందమ్మా? కంటికి కనపడిందే రాస్తాను."

"నిక్షేపంలాంటి ఇల్లండీ" అన్నాడు మేస్త్రి.

అత్తగారు వంటింట్లోకి వెళ్లారు. మంచినీళ్లకేమో అనుకున్నాను. బూజుకర్ర పట్టుకుని వచ్చారు.

"కాస్త పక్కకు జరగండి బాబూ" అంటూ కర్ర తిరగేసి పైకప్పును ఒక్క పోటు పొడిచారు.

"పెద్దమ్మగారూ, ఏంటది! మీరు పగలగొట్టుకుంటే నాకు సంబంధం లేదు!" మేస్త్రి ముఖంలో నవ్వు లేకపోవడం నేను చూడటం అదే మొదలు.

"నా ఇల్లు, నా ఇష్టం." ఇంకో రెండు పోట్లకు పచ్చి సిమెంటు ముద్దగా ఊడి కింద పడింది. ఉబ్బిపోయిన చువ్వలు బయటపడ్డాయి. కమిషనరు చొక్కా మీద తుప్పు రాలింది. ఆయన కుర్చీ ఎక్కి చువ్వ పక్కన పెన్నుతో గీరాడు. ఇసుక బొలబొలా రాలింది.

"రాసుకోండి. నిన్న కప్పించింది నేనే. మనుషుల్ని పంపింది ఇతను. ఆ ముక్క కూడా రాయండి" అన్నారు అత్తగారు.

చప్పుడు విని పక్కింటావిడ గుమ్మం దాకా వచ్చింది. అత్తగారు చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చారు.

"చూడమ్మా, బాగా చూడు. ఇది నీ కంట పడకూడదని ఇన్నాళ్లూ సిగ్గుతో చచ్చాను. సిగ్గుపడాల్సింది నేనా, వీడా?"

పక్కింటావిడ తలెత్తి చువ్వల్ని చూసింది.

"మా పిల్లలు పడుకునే గదిలోనూ ఇలాగే ఉంది పిన్నిగారూ. ఎవరైనా చూస్తే బాగోదని కింద గుడ్డ కట్టించాను."

మేస్త్రి ఏదో అనబోయాడు. అత్తగారు వినిపించుకోకుండా గుమ్మం దాటారు.

"నాకు ఈ ఒక్క ఇల్లు చూడమనే ఆర్డరుందండీ" అని నసిగాడు కమిషనరు.

"ఆర్డరు మీకు కావాలి బాబూ. ఊడి పిల్లల మీద పడటానికి శ్లాబుకి ఎవరి ఆర్డరూ అక్కర్లేదు" అని ఆమె పక్కింట్లోకి నడిచారు.