సాయమ్మ అరిచిన మాట

శివను చంపింది కిరణ్ అని పోలీసులు రాసుకున్నరు. రాసుకోనీ. అసలు చంపినోళ్లు ఎవరో కామాఠిపుర మొత్తానికి తెలుసు. రితేశూ, నువ్వు చంపినవ్. వరుస గదుల మా పాత చాళ్లు కూలగొట్టి టవర్ లేపుతనని నిన్ను మా మీదికి తోలిన నీ బిల్డర్ సేఠు చంపిండు. పెద్ద చాల్ పెద్దమనుషులూ, మీరు చంపిండ్రు. పాలమూరు చాల్ మేస్త్రీలూ, మీరేం తక్కువ తినలేదు, మీరూ చంపిండ్రు. ఒక్క నల్లా కాడ నీళ్లు పట్టుకొని, ఒక్క గణపతికి మొక్కి బతికినోళ్లు, పోరగాళ్ల చేతులకు ఇనుప సలాకలిచ్చి గ్యాలరీల నిలబడి తమాషా చూసిండ్రు. ఎట్ల చంపిండ్రో చెప్తున్న. మొఖం తిప్పుకోకుండ వినుండ్రి.

రెండు చాళ్లకు నడుమ ఒక్కటే ఆకిలి, ఆకిట్ల నల్లా. రోడ్డు దిక్కు పెద్ద చాల్. వాళ్ల తాతలు రాళ్లు, సున్నం మోసుకుంట వచ్చి ఈ బొంబాయిని కట్టిండ్రు. మనుమలు ఇప్పుడు కొరియర్ సంచులు మోస్తున్నరు, ఆఫీసులల్ల చాయ్ అందిస్తున్నరు. ఇంటిపేర్లు తెలుగువి, నోట్లె మాట మరాఠీది. లోపలి దిక్కు పాలమూరు చాల్. మహబూబ్‌నగర్ నుంచి వచ్చి, పొద్దుగాల నాగ్‌పాడా నాకా మీది కూలోళ్ల అడ్డల నిలబడి పనికి పోయేటోళ్లు. వీళ్లు రోడ్డెక్కాలంటే పెద్ద చాల్ గేటే దిక్కు.

సాయమ్మ పాలమూరు చాల్‌ది. మొగడు లేడు. ఒక్కడే కొడుకు శివ, సలాకలు వంచే పని. ఆమె సిమెంటు మాలు మోస్తది. ఆమె గొంతు ఎసుంటిదంటే, కింద నిలబడి పిలిస్తే ఆరో అంతస్తుల ఉన్న మేస్త్రీ తాపీ కింద పడేసుకునేది.

ఆమె అన్న పోచయ్య సెంట్రింగ్ పనోడు. ఫాక్‌లాండ్ రోడ్డుల చిత్తు దుకాణం నుంచి చరిత్ర పుస్తకాలు తూకానికి తెచ్చుకొని చదివే పిచ్చోడు. ఏటా గణపతి ముందల రెండు చాళ్లూ కలిసి ఆడే ఆట అతనే రాస్తడు. ఈ ఏడు గ్రీకు దేశం పట్టుకున్నడు.

"ఏథెన్సు అంటే పెద్ద చాల్ అనుకో," అన్నడు చెల్లెతోని. "చదువులు, మాటలు, పడవలు వాళ్లయి. స్పార్టా అంటే మనం."

"మనకేమున్నయే అన్నా?"

"వీపులున్నయి."

సాయమ్మ నవ్వింది. "మరి ఎందుకు కొట్టుకున్నరు?"

"ఒకని పెద్దరికం ఇంకొకనికి గిట్టలే. ఇద్దరిదీ ఒకే భాష, ఒకే దేవుళ్లు. ఒక తరం మొత్తం కొట్టుకొని సచ్చిండ్రు. పక్కల పర్షియా రాజు కూసొని ఒకసారి వీళ్లకు సొమ్ము పంపిండు, ఇంకోసారి వాళ్లకు పంపిండు. ఆఖరికి సంధి ఎట్ల చేసుకోవాల్నో కూడ వాడే చెప్పిండు."

"థూ! సిగ్గులేని మంద."

స్పార్టా తల్లి వేషం ఆమెకే ఇద్దమనుకున్నడు పోచయ్య. యుద్ధానికి పోయే కొడుకుకు తల్లి డాలు చేతికిచ్చి, గెలిస్తే దీన్ని పట్టుకొని రా, సస్తే దీని మీద పండి రా అనాలె. సాయమ్మకు ఒళ్లు మండింది.

"ఏ తల్లన్న అంటదానే ఆ మాట? నీ నోట్లె మన్నుబడ. నేననను."

"సరే తల్లీ. గుడి పూజారమ్మవు కా. రెండు ఊర్లకూ ఒక్కటే గుడి. కొట్లాట ముదిరినంక నువ్వు నడుమకొచ్చి 'చాలు!' అని అరువు. ఇద్దరూ ఆయుధాలు పారేస్తరు. నీ గొంతుకు మైకు కూడ అక్కెర లేదు."

ఇంకో సంగతి కూడ చెప్పిండు. "ఆ దేశంల యుద్ధం అయినంక, మా శవాలు మాకియ్యుండ్రి అని అడిగినోళ్లు ఓడినట్టు లెక్క."

"పిల్లలను అడుక్కునుడు కూడ ఓటమేనా?" అన్నది సాయమ్మ.

మొదటి దినాలు బాగనే నడిచినయి. పెద్ద చాల్ రత్నాబాయి కొడుకు కిరణ్ ఏథెన్సు సేనాపతి, శివ స్పార్టా సేనాపతి. సెంట్రింగ్ ప్లైవుడ్డు కోసి డాళ్లు, వెదురుకు థర్మాకోల్ ముక్క చెక్కి ఈటెలు. కిరణ్‌కు తెలుగు నాలుక తిరగదు. శివ ఎక్కిరిస్తడు: "అరే ఏథెన్సూ, 'యుద్ధం' అనురా, 'యుద్దమ్మ' గాదు. ఆమె ఎవలు, మీ అత్తనా?" ఇద్దరూ ఆకిట్ల పడి పడి నవ్వేటోళ్లు.

పూజారమ్మ ఘట్టం ఇంకా నేర్చుకోనే లేదు, అప్పుడు దిగిండు రితేశ్. బిల్డర్ మనిషి. సర్వే అని చెప్పి ఆకిలి నడుమ ఇనుప రేకులు పాతిచ్చిండు. నల్లా పెద్ద చాల్ దిక్కు పడ్డది. పెద్ద చాల్‌కు పోయి, "ఆ కూలోళ్లకు కాయితాలు లేవు, వాళ్లు పోతే మీ గదులు పెద్దగైతయి" అన్నడు. పాలమూరు చాల్‌కు వచ్చి, "మిమ్మల్ని ఎల్లగొట్టమని వాళ్లు సంతకాలు పెట్టిండ్రు" అన్నడు. రెండు దిక్కులా ఒక్కతీరే భుజం మీద చెయ్యేసిండు. ఎవడన్న రేకుల మీదికెల్లి తొంగి చూసి, నిజమేనా అని అడిగిండా? అడగలే. నీళ్ల బిందెల మీద తిట్లు, తిట్ల మీద రాళ్లు. పెద్ద చాల్‌ల ఒక ముసలామె తల పలిగింది. పాలమూరోడు ఒకని పండ్లు రాలినయి.

ఆట మాత్రం ఆగలే. ఆపితే భయపడ్డట్టని రెండు చాళ్లకూ పంతం. ఎవరి దిక్కు వాళ్లు వేరుగ నేర్చుకున్నరు. పెద్ద చాల్ పోరగాళ్లు తెలుగు చదవలేరని అక్కడెవరో ఆటంత మరాఠీల రాసిచ్చిండ్రు. పోచయ్య రాసిన 'చాలు' వాళ్ల కాయితంల 'పురే' అయింది. అర్థం అదే. కానీ ఈ దిక్కు సాయమ్మ అరిచేది 'చాలు', ఆ దిక్కు కిరణ్ చూసేది 'పురే' కోసం. రేకుల నడుమ ఆ ఒక్క మాట కలపాలని ఒక్కని బుర్రకూ తట్టలే.

ఆట దినం మాపటికి శివ వెదురు పారేసి, పనికాడి సలాక చేతిల పట్టుకున్నడు. సాయమ్మ వాని చెయ్యి గుంజింది.

"ఇదెందుకురా? ఆటనే గదరా!"

"వాళ్లు సలాకలు తెస్తున్నరట. మేము థర్మాకోల్ పట్టుకొని సావాల్నా?"

"ఎవలు చెప్పిండ్రు?"

"రితేశ్ భాయ్."

"వాడు వాళ్లకు కూడ ఇదే చెప్పిండేమోరా!"

"అమ్మా, నువ్వు అరుస్తవు గద. నువ్వు అరవంగనే పారేస్త. ఒట్టు." తల్లి చెంప గిల్లి పోయిండు.

ఆ ఒట్టు మీదనే ఆమె పానం పెట్టుకొని నిలబడ్డది.

గల్లీల వేసిన స్టేజీ ముందల జనం. ఢోలు తాశాలు చెవులు పగలగొడుతున్నయి. మొదటి దెబ్బకే సాయమ్మకు సమజైంది. ప్లైవుడ్డు మీద వెదురు పడితే టపటపమంటది. ఇది ప్లైవుడ్డు చీల్చుకొని పోయిన ఇనుము చప్పుడు. ఏథెన్సు పోరడొకడు మోచెయ్యి పట్టుకొని కూలబడ్డడు, బొక్క తోలు చీల్చుకొని బయటికొచ్చింది. స్పార్టా పోరని చెవి సగం తెగి మెడ మీద వేలాడుతున్నది. జనం నాటకమనుకొని ఈలలేసిండ్రు. తర్వాత నెత్తురు ముందు వరుస మీద చిట్లింది. ఈలలు ఆగినయి, కుర్చీలు లేచినయి. కింద ఉన్నోళ్లు పైకెక్కిండ్రు. గ్యాలరీలకెల్లి సీసాలు పడ్డయి. గణపతి ముందటి దీపం ఎవని కాలో తాకి పడి పరదా అంటుకున్నది.

సాయమ్మ పసుపు చీర దోపుకొని నడుమకు ఉరికింది. ఎవని మోచెయ్యో తగిలి పెదవి పగిలింది. పొగల నుంచి చూస్తే శివ ఎల్లెలకల పడి ఉన్నడు. సలాక లేదు, తల్లి ఉరికి రాంగ చూసి అరవకముందే పారేసిండు. ప్లైవుడ్డు డాలు ఒక్కటే ఛాతీ మీద. వాని మీద కిరణ్, సలాక పైకెత్తి.

కిరణ్ ఆగిండు. అది రాసుకోలే పోలీసులు. వాడు ఆగి, తలెత్తి సాయమ్మ మొఖం చూసిండు. వాని కండ్లల్ల భయం, ఎవరన్న ఆపితే బాగుండునని ఆశ. పూజారమ్మ మాట కోసం చూస్తున్నడు.

సాయమ్మ పానమంత గొంతుల పెట్టి అరిచింది.

"చాలు! చాలు రా! చాలు!"

ఢోళ్ల మోతల, మంటల చప్పుడుల ఆ మాట తోక తెగి పడ్డది వాని చెవిల. చల్. చల్ రే. చల్. కానియ్యి, ఇంకా కొట్టు అని.

వాడు కొట్టిండు. డాలు రెండు ముక్కలైంది. సాయమ్మ మళ్ల అరిచింది, "చాలూ!" వాడు మళ్ల కొట్టిండు. ఆమె అరిచిన కొద్దీ కొట్టిండు. శివ నుదురు లోపలికి పోయింది.

ఆమె పోయి కిరణ్ చెయ్యి పట్టుకుంటే వాడు సలాక ఇడిచిండు. "మావశీ, తూచ్ మ్హణాలీస్ నా, చల్ చల్!" అన్నడు. చిన్నమ్మా, నువ్వే కదా అన్నవ్, చల్ చల్ అని.

సాయమ్మకు అప్పుడు సమజైంది. తెగిన డాలు ముక్క మీదనే శివను పండవెట్టి ట్యాక్సీ దాకా మోసిండ్రు. ఏ మాట తను అననన్నదో, అదే అయింది.

తెల్లారి దవాఖాన బండి శవాన్ని తెచ్చి పెద్ద చాల్ గేటు ముందల ఆగింది. కిరణ్ లాకప్పుల ఉన్నడు. గేటుకు తాళం. లోపల పెద్ద చాల్ మొగోళ్లు, బయట పాలమూరోళ్లు, అందరి చేతులల్ల మళ్లీ సలాకలే. బండి పక్కకు రితేశ్, చేతిల కాయితాలు.

"లొల్లి ఎందుకు, వదినా? మీ చాల్ మొత్తం వర్లి అవతల తాత్కాలిక గదులకు పోతరని సంతకం పెట్టుండ్రి. గేటు నేను తీపిస్త. మర్యాదగ లోపలికి తీసుకపోదురు."

పోచయ్య పండ్లు కొరికిండు. "సంధి కూడ వీడే చెప్తుండు సూడు!" పక్కల పోరగాళ్లు, "అడుక్కునేదేంది, తాళం పలగగొడదం, కిరణ్ గాని ఇల్లు తగలవెడదం" అని కదిలిండ్రు.

సాయమ్మ బండి దిగి గేటుకు అడ్డం నిలబడ్డది.

"సాయమ్మా, అడగకు," అన్నడు పోచయ్య. "అడిగితే ఓడినట్టు."

"ఓడిన," అన్నది. లోపలికి తిరిగి, "రత్నక్కా! నేను సాయమ్మను. ఓడిన. నా బిడ్డను లోపలికి తీసుకపోనియ్యి."

గేటు అవతల జనం చీలింది. రత్నాబాయి వచ్చింది, మొఖం ఉబ్బిపోయి. నోరు తెరిస్తే తెలుగే వచ్చింది, ఎన్నేండ్ల కింది తెలుగో. "అక్కా, నా కొడుకు..."

"నీ కొడుకు ఆగిండు. నా దిక్కు చూసిండు. నేను చాలు అన్న, వాడు చల్ అని విన్నడు. స్టేషన్ల కూడ ఇదే చెప్త."

రత్నాబాయి తాళం తీసింది. ఎవడూ ఆపలే. సాయమ్మ లోపలికి నడువలే. గేటు నడుమ నిలబడి, ఆరో అంతస్తుకు వినబడే ఆ గొంతుతోని అరిచింది.

"గేటొక్కటి తీస్తే సరిపోదు. ఆ రేకులు పీకుండ్రి, నా కండ్ల ముందర. ఆ దిక్కు పెద్ద చాల్ పట్టుండ్రి, ఈ దిక్కు మనోళ్లు పట్టుండ్రి. ఈ రితేశ్ చేతిల కాయితాలు గుంజి చింపుండ్రి. రెండు చాళ్లు కలవకుండ ఒక్కటే సంతకం పెడితే ఆ చేతిని నేనే ఇరగ్గొడత. సలాకలన్నీ నల్లా కాడ కుప్పెయ్యుండ్రి. పిల్లలను పిలువుండ్రి, రెండు దిక్కులోళ్లను. చాలు అంటే పురే, పురే అంటే చాలు. నా ముందల పలికియ్యుండ్రి, ఒక్కొక్కని నోటితోని. నా కొడుకు పాడెకు నాలుగు భుజాలు గావాలె, రెండు మాయి, రెండు మీయి. ఇయన్నీ అయ్యేదాక వాడు బండి దిగడు. రేపు గాదు, మాపు గాదు. ఇప్పుడు. పీకుండ్రి!"