మేడమ్ గారింటి టీ

మా జట్టులో కెప్టెన్సీ పోతోందన్న కబురు ముందు కెప్టెన్‌కి తెలియదు, అతని భార్యకి తెలుస్తుంది. ఇంత పెద్ద జట్టును నడిపే యజమానిగారికి ఆ ఒక్క ముక్క మనిషి మొహం మీద చెప్పడం చేతకాదు. అందుకని ఆ పని తన భార్య మేడమ్ గారికి అప్పజెప్పి చేతులు దులుపుకున్నారు. మేడమ్ గారు కెప్టెన్ భార్యని టీకి పిలుస్తారు. కెప్టెన్సీ ఇచ్చేటప్పుడూ పిలుస్తారు, తీసేటప్పుడూ పిలుస్తారు. మర్నాడు పొద్దున జట్టు మీటింగులో ప్రకటన వస్తుంది. ఈలోపు మొగుణ్ణి సిద్ధం చేసుకోవడం మన పని.

ఇదంతా మొదటి కెప్టెన్ పుణ్యం. ఆయన్ని పెద్దాయన అనేవాళ్ళు. పరుగెత్తే వయసు దాటిపోయినా పోస్టర్ల మీద మొహం బాగుంటుందని తెచ్చుకున్నారు. మిమ్మల్ని మారుస్తున్నామని యజమానిగారు ఎదురుగా కూర్చోబెట్టి చెబితే, ఆయన ఒంటికాలి మీద లేచి చేతిలో ఉన్న హెల్మెట్‌ను అద్దాల బీరువా కేసి విసిరాడట. అప్పటి నుంచే ఈ టీలు. రెండో కెప్టెన్ పరాయి దేశంవాడు, పెళ్ళి కానివాడు. పిలవడానికి భార్య లేదు కదా, మేడమ్ గారు మధ్యలో ఒక దుబాసీని పెట్టుకుని వాళ్ళమ్మకి ఫోన్ చేశారు. "మీ అబ్బాయి గురించి ఒక బాధాకరమైన వార్త" అని మొదలుపెట్టేసరికి ఆ మహాతల్లి ఫోన్ పడేసి శోకాలు తీసింది. కొడుకు బతికే ఉన్నాడని నమ్మించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

మూడో కెప్టెన్ భార్య టీ తాగి వచ్చి, మొగుడికి చెప్పలేక, తలనొప్పని ముసుగు తన్ని పడుకుంది. మర్నాడు మీటింగులో ఆయన ఎప్పటిలాగే లేచి మాట్లాడ్డం మొదలుపెట్టాడు. కొత్త కెప్టెన్ ఎవరో ఆ గదిలో అందరికీ తెలుసు, ఆయనకి తప్ప. ఆపడానికి ఎవరికీ నోరు రాలేదు. చివరికి ఆయనే అందరి మొహాలూ చూసి, మాట మధ్యలో ఆపేసి కూర్చున్నాడు. ఆ కొత్త కెప్టెన్ మా ఆయన.

మా ఆయన్ని జట్టులో మేస్త్రి అంటారు. ఇటుకలు పేర్చినట్టు ఒక్కొక్క ఫీల్డరునీ చేత్తో చూపించి నిలబెడతాడు, కాస్త పక్కకి జరిగితే మళ్ళీ సర్దుతాడు. ఇంట్లోనూ అదే వరస. భోజనాల బల్ల మీద చెంచాలు ఫీల్డర్లు, ఉప్పుడబ్బా వికెట్ కీపర్. ఆయన ఫీల్డింగు మార్చడం పూర్తయ్యాకే నా చేతికి చెంచా వచ్చేది. మొదట్లో ముచ్చటగానే ఉండేది. గెలుస్తున్నప్పుడు అన్నీ ముచ్చటగానే ఉంటాయి.

ఓటములు మొదలయ్యాక ఆయన మాటలు తగ్గిపోయాయి. నిద్రలో చెయ్యి ఊపుతూ "వెనక్కి, ఇంకొంచెం వెనక్కి" అనేవాడు. ఆ చెయ్యి నా మొహానికి తగిలేది. వెనక్కి జరగడానికి మంచం మీద నాకు చోటేదీ? మ్యాచ్ ఉన్న రోజున గ్యాలరీలో మధ్య కుర్చీ నాది. కెమెరా ఎప్పుడు నా మొహం మీదికి తిరుగుతుందో తెలియక, క్యాచ్ జారినా పెదాలు సాగదీసుకుని కూర్చునేదాన్ని. కెప్టెన్ భార్యనన్న గొప్ప ఎవరికి కావాలంటే వాళ్ళకి ఇచ్చేద్దామన్నంత ప్రాణం విసిగింది. ఆయనకి ఇంకా ఎంత విసిగిందో ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

అలాంటి రోజుల్లో మేడమ్ గారి దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. "నాలుగింటికి రామ్మా, టీ తాగుదాం" అన్నారు. ఆయన సోఫాలో మోకాళ్ళ మీద ఐసు సంచులు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఎవరు ఫోన్ అని అడగలేదు. నేను చీర మార్చుకుని వస్తే, "వెళ్ళిరా" అన్నాడు, అంతే.

మేడమ్ గారి ముందు గదిలో ఏసీ చలికి వేళ్ళు కొంకర్లు పోతాయి. అద్దం బల్ల మీద బిస్కట్లు పెడతారు, వాటిని ఎవరూ ముట్టుకోరు.

"మీ ఆయన బాగా అలిసిపోయాడమ్మా" అన్నారు ఆవిడ.

"అవునండీ" అన్నాను. అనకూడదు, అది ఆవిడకి మాట అందించినట్టవుతుంది. కానీ నిజం కదా, ఎంతకని దాస్తాను?

"ఇక ఆ బరువు దించేద్దామనుకుంటున్నాం. జట్టులోనే ఉంటాడు, ఆడతాడు. కెప్టెన్సీ మాత్రం వేరేవాళ్ళకి."

"ఎవరికండీ?"

"మీ తమ్ముడికి."

మా తమ్ముడు కూడా ఈ జట్టులోనే ఆడతాడు. వాడి ఆట ఊరందరికీ తెలుసుగానీ, నాకు వాడు ఇప్పటికీ బుడ్డోడే.

"వాడికి పెళ్ళి కాలేదు కదా, ఇంకెవర్ని పిలవను?" అని నవ్వారు ఆవిడ. "రెండు ముక్కలూ నీకే చెప్పేస్తున్నా. ఒక్క టీతో పని అయిపోయింది."

నేనూ నవ్వాను. ఎందుకు నవ్వానో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మేమూ తమ్ముడూ ఒకే అపార్ట్‌మెంటులో ఉంటాం. మాది మూడో అంతస్తు, వాడిది ఐదు. లిఫ్టులోకి ఎక్కాక నా వేలు ఐదు మీదికి వెళ్ళింది. మోసుకొచ్చిన రెండు కబుర్లలో మంచిదాన్ని ముందు దించుకుంటే, రెండోదానికి ఓపిక వస్తుందనుకున్నాను. చాలా రోజులైంది నేను చెప్పిన మాటకి ఒక మొహం వెలగడం చూసి. అది చూడాలనిపించింది. అంతకంటే ఏమీ లేదు.

వాడు సగం గడ్డం గీసుకుని నురగతోనే తలుపు తీశాడు.

"బుడ్డోడా, నిన్ను కెప్టెన్ని చేస్తున్నార్రా."

వెలిగింది. నురగలోంచి కూడా కనిపించింది. నన్ను రెండు చేతులా ఎత్తి గిర్రున తిప్పి దించాడు. దించాక వాడి చేతులు అలాగే ఆగిపోయాయి.

"మరి బావ?"

"తీసేస్తున్నారు."

"బావకి చెప్పావా?"

"ఇంకా లేదు. ఇప్పుడెళ్ళి చెప్తా."

"అదేంటక్కా!" అన్నాడు. "ముందు బావకి కదా చెప్పాలి! ఇప్పుడు నేను బావ మొహం ఎలా చూడను?"

"నీకు చెప్పడం తప్పయిపోయిందా? నువ్వు వద్దంటే ఇంకెవడికో ఇస్తారు. ఆయనకి ఎలాగూ పోతుంది."

వాడు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. గడ్డం సగం అలాగే ఉండిపోయింది. తర్వాత మెల్లగా, "అమ్మకి చెప్పావా?" అన్నాడు.

"నోరు మూసుకుని కూర్చో. నేను చెప్పేదాకా ఎవరికీ ఫోన్ చెయ్యకు" అని కసిరి, మెట్ల మీదుగా కిందికి దిగాను.

ఆయన బాల్కనీలో కుర్చీ వేసుకుని ఉన్నాడు. ఐసంతా కరిగి సంచుల్లో నీళ్ళయిపోయింది. కింద కార్లు వచ్చే దారి అక్కణ్ణుంచి బాగా కనిపిస్తుంది. నేను పక్కనే నేల మీద కూలబడ్డాను.

"ఇచ్చే టీ అయ్యుండదులే" అన్నాడు ఆయనే. "నాకివ్వడానికి ఇంకేం మిగిలింది వాళ్ళ దగ్గర?"

"రేపటి మీటింగులో చెప్తారటండీ. జట్టులో మాత్రం ఉంటారు."

ఆయన పెద్దగా ఊపిరి వదిలాడు. నేను భయపడినట్టు మొహం మాడలేదు. కళ్ళు మూసుకుని కుర్చీలో వెనక్కి వాలాడు. "పోనీలే. ఇవాళ నిద్రపడుతుంది" అన్నాడు. ఎంతకాలంగా ఆ మాట కోసం ఎదురుచూశాడో అనిపించి నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఎవరు?" అన్నాడు కళ్ళు తెరవకుండానే.

"బుడ్డోడు."

కళ్ళు తెరిచి నా వైపు చూశాడు. చూసి నవ్వాడు. ఈ మధ్య ఆయన అలా నవ్వగా నేను చూడలేదు. "మన బుడ్డోడా! ఆడతాడు, ఆడిస్తాడు కూడా. తొందరపాటు కాస్త తగ్గించుకుంటే చాలు. నేను చెప్తాలే." అంటూనే కుర్చీ చేతులు పట్టుకుని లేచాడు. "నా ఉతికిన చొక్కా ఎక్కడుంది?"

"ఇప్పుడు చొక్కా ఎందుకండీ?"

"పైకి వెళ్తా. వాడికి నేనే చెప్తా. ఈ జట్టులో ఒకడి చేతిలోంచి ఇంకొకడి చేతికి కెప్టెన్సీ మర్యాదగా వెళ్ళింది ఎప్పుడే? అందరివీ లాక్కోవడమే, నాకిచ్చినప్పుడు కూడా అంతే. నాకు ముందున్న కెప్టెన్ మాట్లాడుతూ మాట్లాడుతూ కూర్చుండిపోవడం నేను చూశాను. నేను మాత్రం లాక్కోనివ్వను. నా చేత్తో నేనే ఇస్తా, అదీ మనవాడికి." లోపలికి నడుస్తూ మాట్లాడుతున్నాడు. గొంతులో హుషారుంది. బీరువా తెరిచి తనే చొక్కా తీసుకుని, ఒక చెయ్యి తొడిగాడు.

నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. చెప్పకుండా ఊరుకుందామా అనుకున్నాను. తమ్ముడికి ఫోన్ చేసి, ఏమీ తెలియనట్టు ఉండమందామా అనుకున్నాను. కానీ వాడికి మొహంలో ఏదీ దాగదు. ఈయన అక్కడికి వెళ్ళి, ఆ మాట మొదలుపెట్టి, వాడి మొహం చూసి మధ్యలో ఆగిపోతే?

"వాడికి తెలుసండీ" అన్నాను.

రెండో చెయ్యి చొక్కాలోకి వెళ్ళకుండా ఆగింది.

"నేను ముందు పైకి వెళ్ళి, చెప్పి వచ్చాను."

ఆయన కోప్పడలేదు. కోప్పడితే నేనూ నాలుగు మాటలు అనేదాన్ని. ఎన్నేళ్ళుగా ఈ ఇంట్లో మంచి కబురనేది లేదని, నేనూ మనిషినేనని అనేదాన్ని. ఆయన మెల్లగా రెండో చెయ్యి తొడుక్కున్నాడు.

"నీ కారు రావడం చూశాను" అన్నాడు. "ఎంతకీ రాకపోతే లిఫ్టు ఆగిపోయిందేమో అనుకున్నా."

"మీ మొహం చూడలేక..." అన్నాను.

"తెలుసులే." గుండీలు కింది నుంచి పైదాకా పెట్టుకున్నాడు. "ఎలాగూ వెళ్ళాలి. పాపం వాడు అక్కడ కంగారు పడుతుంటాడు. తీసుకోమని చెప్పి వస్తా."

చెప్పులేసుకుని తలుపు తీశాడు. గడప దాటాక వెనక్కి తిరిగాడు.

"వాడికి పెళ్ళి కాకపోతే, రేపెప్పుడో వాణ్ణి తీసేసే టీకి కూడా నిన్నే పిలుస్తారు. ఆ రోజు మాత్రం ముందు వాడి దగ్గరికే వెళ్ళవే. నా దగ్గరికి రాకు."