పన్నెండో పండు

"ఎన్నింటికొస్తావమ్మాయ్?" అని అత్తగారు ఫోన్ చేసేసరికి నా ఎడమచేతిలో పన్నెండో మామిడిపండు ఉంది, కుడిచేతిలో చాకు ఉంది. ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని మాట్లాడాను. ఇన్నేళ్ళ అలవాటు కదా, నా మెడ అటువైపే కాస్త ఒరిగిపోయింది.

నా ఉద్యోగం పళ్ళు కోసి చూడటం. విదేశాలకు పంపే పళ్ళను ప్యాక్‌హౌస్‌లో ఏరి, కడిగి, పురుగు గుడ్లు చచ్చిపోయేలా వేడినీళ్ళ తొట్టిలో ముంచి, ఆరబెట్టి, పెట్టెల్లో సర్దుతారు. ఆ సరుకులో పురుగూ తెగులూ లేవని మా క్వారంటైన్ శాఖ ధ్రువపత్రం ఇస్తేనే అది విమానం ఎక్కుతుంది. ఆ తర్వాత కస్టమ్స్ వాళ్ళు పెట్టెలు లెక్కపెడతారు, సీలు చూస్తారు, కాగితాలు చూస్తారు. పండు లోపల ఏముందో వాళ్ళు చూడరు. అది చూసేది నేనొక్కదాన్నే. ఆ రోజు లాటుకు, అంటే ఒక విడతగా వెళ్ళే సరుకుకు, రూలు ప్రకారం వేర్వేరు పెట్టెల్లోంచి యాభై ఆరు పళ్ళు తీసి, టెంక దాకా కోసి, కండను లెన్సు కింద పెట్టి చూడాలి. "మా ఆవిడకి ఆఫీసులోనూ తరిగే పనే" అని మా ఆయన నలుగురిలో చెప్పి నవ్విస్తుంటారు. నేనూ నవ్వేదాన్ని.

ఆ సాయంత్రం మా వదినా, ఆవిడ అత్తింటివాళ్ళూ కలిసి పద్నాలుగు మంది భోజనానికి వస్తున్నారు. అసలు ఆదివారం అనుకున్నది, వాళ్ళకు వీలుపడక ఆ రోజుకు మార్చుకున్నారు. నా వీలు కనుక్కోవాలని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు. ఇప్పుడు తలచుకుంటే ముందు సిగ్గుపడాల్సింది అక్కడే.

అత్తగారు ఫోన్ పెట్టేసిన పది నిమిషాలకు ఆయన చేశారు.

"ఇంకా బయల్దేరలేదా?"

"ఇంకా నలభై పైన కోయాలండీ."

"పళ్ళేగా! కాళ్ళొచ్చి పారిపోతాయా? అమ్మ ఒక్కతే ఎంతకని చేస్తుంది? వాళ్ళ ముందు నా పరువు తియ్యకు."

ఆయన ఆ పూట సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నారు, వచ్చేవాళ్ళ కోసమని.

నేను చాకు తుడుస్తుంటే పెద్దక్క వచ్చింది. ఏరివేతలో చివరి బల్ల ఆవిడదే. అసలు పేరుతో ఆవిడను పిలిచినవాళ్ళను నేను చూడలేదు. కాయను అరచేతిలో ఒక్కసారి తిప్పితే అది ఎన్నాళ్ళ కిందట చెట్టు దిగిందో చెప్పేస్తుంది.

"మేడం, ఆ చివరి రెండు వరసలూ కరెంటు పోయొచ్చాక ముంచినవి. నీళ్ళు సరిగ్గా కాగలేదని నా అనుమానం. వాటిల్లోంచి ఓ నాలుగు కోసి చూడండి."

"చూస్తాలే అక్కా" అన్నాను.

చూడలేదు. పన్నెండో పండును కోయకుండానే పళ్ళెంలో పెట్టేశాను. కోసి చూసిన పళ్ళు యాభై ఆరు, బతికున్న పురుగులు లేవు అని రాసి, సంతకం పెట్టి, సీలు వేసి బస్సెక్కాను. నిలబడ్డ చోటునుంచే ఏ పొయ్యి మీద ముందు ఏది పెట్టాలా అని లెక్కలు వేసుకుంటున్నాను.

అందరూ తిన్నారు. "కూరలో ఉప్పు కాస్త వెనకాడిందమ్మా" అన్నారు వదిన మామగారు. "ఆఫీసు ధ్యాసండీ, చెయ్యి ఇక్కడ, మనసు అక్కడ" అన్నారు మా ఆయన. అందరూ నవ్వారు. నేను వదిన మామగారికి క్షమాపణ చెప్పి ఉప్పు తెచ్చి పెట్టాను. ఉప్పుకు క్షమాపణ చెప్పాను గానీ, చేసిన సంతకం సంగతి ఆ పూట నాకు ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు.

మూడు వారాలకు కబురు వచ్చింది. పళ్ళు దిగిన దేశంలో క్వారంటైన్ వాళ్ళు పెట్టెలు విప్పి పళ్ళు కోస్తే, కండలో బియ్యపు గింజంత తెల్లపురుగులు మెదులుతూ కనబడ్డాయట. లాటంతా కాల్చేశారు. విచారణ తేలేదాకా మా ప్యాక్‌హౌస్ పళ్ళు తీసుకోబోమన్నారు. సీజను నడిమధ్యలో బల్లలన్నీ ఖాళీ అయ్యాయి. ఏరివేత ఆడవాళ్ళంతా ఇళ్ళకు వెళ్ళిపోయారు. చివరి బల్ల దగ్గర నిర్లక్ష్యం వల్లే ఇలా జరిగిందని మేనేజరు రాసిచ్చాడు. చివరి బల్లంటే పెద్దక్క.

విచారణకు మా పెద్దాఫీసరు, కస్టమ్స్ నుంచి ఒకాయన వచ్చారు. నాకు కుర్చీ వేశారు. పెద్దక్క గోడ పక్కన నిలబడింది.

"మిమ్మల్ని ఇది అడగాల్సి రావడం నాకే ఇబ్బందిగా ఉంది" అన్నారు ఆఫీసరు. "యాభై ఆరూ కోశారు కదా?"

"కోశానండి."

నా గొంతు వణుకుతుందనుకున్నాను. వణకలేదు.

"నేను మేడంకి చెప్పాను సార్" అంది పెద్దక్క. "చివరి వరసలు కోసి చూడమన్నాను."

అందరూ నా వైపు తిరిగారు.

"నాకు గుర్తులేదండి" అన్నాను.

పెద్దక్క కోప్పడలేదు, ఏడవలేదు. అనుమానమున్న కాయను చూసినట్టు నా వైపు ఒకసారి చూసి, చూపు తిప్పుకుంది. ఆఫీసరు ఏదో రాసుకున్నారు. బయటికి వస్తుంటే ఆయన నాకు తలుపు తీసి పట్టుకున్నారు, ఆ మర్యాదకు నేను భూమిలోకి కుంగిపోయాను.

పెద్దక్కను పనిలోంచి తీసేశారు. నేనన్న ఆ మాట నన్ను వదల్లేదు. గిన్నె తోముతుంటే, దుప్పటి మడుస్తుంటే, లోపలినుంచి నా గొంతే పలికేది, నాకు గుర్తులేదండి అని. ఎంత వినయంగా అన్నానో! ఇంట్లో ఇరవై రెండేళ్ళుగా నేర్చుకున్న గొంతు అది. అలిసిపోలేదండీ, ఆకలిగా లేదండీ, నాకేం అక్కర్లేదండీ అంటూ ఆడి ఆడి నున్నబడిన గొంతు. నా మీద నేను చెప్పుకున్న అబద్ధాలతో సాధన చేసి, అదే గొంతుతో ఒక మనిషి పని పోగొట్టాను.

మా ఆయనతో చెప్పాను. పేపరు మడిచి విన్నారు.

"నువ్వు నోరు విప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? ఆవిడకి ఇంకోచోట పని దొరుకుతుందిలే" అని మళ్ళీ పేపరు విప్పుకున్నారు. ఆ మాట విన్నప్పుడు ఒక్క క్షణం నాకు హాయిగా అనిపించింది. అదీ చెప్పేస్తున్నాను.

మర్నాడు పెద్దక్క ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. ఇరుకు మెట్లెక్కితే ఒకే గది. కిటికీ దగ్గర కూర్చుని కొత్త చొక్కాలకు గుండీలు కుడుతోంది. నన్ను చూసి చొక్కాల కుప్ప పక్కకు జరిపి చోటు చేసింది.

"కూర్చోండి మేడం."

"నన్ను క్షమించక్కా. ఆ రోజు ఇంటికి బోలెడుమంది వస్తున్నారు, వంటకి నేనే..."

"నాకూ ఇల్లుంది మేడం" అంది సూదిలో దారం ఎక్కిస్తూ. "ఆ రోజు మా ఆయన జ్వరంతో మూలుగుతున్నాడు. అయినా చివరి పెట్టె దాకా ఉన్నాను."

నాదొక్కటే ఇల్లన్నట్టు, వంటిల్లు మోసేది నేనొక్కదాన్నే అన్నట్టు వెళ్ళాను ఆవిడ దగ్గరికి.

"నా దగ్గర ఏడిస్తే ఏం లాభం?" అంది. "నన్ను అబద్ధాలకోరుని చేసింది నలుగురి ముందు. నిజం కూడా ఆ నలుగురి ముందే చెప్పండి."

దారం పంటితో తెంపి ఇంకో చొక్కా అందుకుంది.

ఆదివారం పొద్దున భోజనాల బల్ల మీద కాగితం పెట్టుకుని రాశాను. పదకొండు కోసి యాభై ఆరని రాశాననీ, పెద్దక్క హెచ్చరించినా వినలేదనీ, విచారణలో అబద్ధం చెప్పాననీ రాశాను. ఆయన వచ్చి కాగితం చేతిలోకి తీసుకున్నారు.

"ఉద్యోగం పోవచ్చు, తెలుసా?"

"తెలుసు."

చదువుతూ చదువుతూ ఒకచోట ఆగిపోయారు. "ఇదేంటి? ఇంటికి వచ్చే పద్నాలుగు మందికి వంట చేయడానికి తొందరగా వెళ్ళవలసి వచ్చి... ఇది దేనికి? ఒంట్లో బాగోలేదని రాయి. కళ్ళు తిరిగాయని రాయి. ఇంటి సంగతి ఆఫీసు ఫైల్లోకి ఎందుకు? చదివినవాళ్ళు నన్నేమనుకుంటారు?"

"ఏమైందిరా?" అన్నారు అత్తగారు లోపల్నుంచి.

"ఏం లేదమ్మా" అన్నారాయన. చెవుల దాకా ఎర్రబడ్డారు. నేను చేసిన తప్పు దగ్గర ఆయన ఆగలేదు, వంట దగ్గర ఆగారు.

నేను కాగితం వెనక్కి తీసుకుని ఆ వాక్యం మళ్ళీ చదివాను. ఒకచోట మార్చాలనిపించింది. "వెళ్ళవలసి వచ్చి" అన్నది కొట్టేసి, "వెళ్ళిపోయాను" అని రాశాను. నన్నెవరూ కట్టేసి తీసుకుపోలేదు. పిలిచారు, నేను వెళ్ళాను.

సోమవారం పెద్దాఫీసరు చేతికి ఇచ్చాను. చాలాసేపు చదివారు. విచారణ మళ్ళీ మొదలుపెట్టాలన్నారు, అప్పటిదాకా నన్ను ఉద్యోగం నుంచి తప్పిస్తున్నామన్నారు. పెద్దక్క మీద రాసింది ఆ పూటే కొట్టివేయించారు. నేను లేవబోతుంటే ఆయన గొంతు తగ్గించి, "ఈ వంట సంగతి అవసరమా? కావాలంటే తీసేసి తెచ్చివ్వండి" అన్నారు, నా పరువు కాపాడుతున్నట్టుగా.

"ఉండనివ్వండి సార్. జరిగింది అదే" అన్నాను.

తల ఎత్తి అనలేదు, బల్ల అంచు చూస్తూనే అన్నాను. గుమాస్తా తేదీ ముద్ర వేసి ఫైల్లో పెట్టాడు. ఇరవై రెండేళ్ళుగా నేను చేస్తున్న వంట ఒక కాగితం మీదికి ఎక్కడం అదే మొదటిసారి.