పటం దిగిన గొర్రెపిల్ల

ఓర్వకల్లు రాతిగుండ్ల చుట్టుపక్కల పల్లెల్లో జీవమ్మను ఎరగనివాళ్లు లేరు. మిషన్ వాళ్ల బైబిలమ్మ ఆమె. పొద్దున్నే ఇంత జొన్న సంగటి మూట కట్టుకొని, బొమ్మల పటాల చుట్టను చంకన పెట్టుకొని బయల్దేరేది. ఏ వేపచెట్టు కిందనో, ఎవరి కళ్లం అంచుననో పటం తగిలించి, ఒక పాట పాడి, వచ్చినవాళ్లకు ఏసు సంగతి చెప్పేది. అంతకుముందు ఆ పని ఆమె మొగుడు లేవి చేసేవాడు. కలరాలో అతను పోయినాక ఏడుస్తూ కూర్చోకుండా చుట్టను తానే ఎత్తుకుంది.

ఆ చుట్టలో మంచి కాపరి పటం ఒకటి ఉండేది. పొడుగు అంగీ వేసుకున్న కాపరి, ఆయన భుజం మీద గొర్రెపిల్ల. జీవమ్మ పాట ఎత్తుకోగానే గొర్రెపిల్ల కిందికి దూకి, జనం కాళ్ల మధ్య తిరిగి, ఎవరైనా వేస్తే ఇంత శెనిగాకు నమిలి, చివరి ప్రార్థనకు ఆమెన్ అనేసరికి మళ్లీ పటంలోకి ఎక్కేది. పిల్లలు తోక పట్టుకొని లాగితే, "ఒరేయ్, అది పటంది రా, ఇడిసిపెట్టు" అని పెద్దలు కసిరేవాళ్లు. అంతకుమించి దాని సంగతి ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు.

జీవమ్మకు మాత్రం దాని మీద ఎప్పుడూ బెంగే. కుక్క కరుస్తుందేమో, ఎవరి చేలోనన్నా పడి తన్నులు తింటుందేమో అని, వాక్యం చెప్తూనే ఒక కన్ను దాని మీద వేసి ఉంచేది. పటాలేమో మిషన్ వాళ్లవి. ఏడాదికోసారి కర్నూలు నుంచి దొరసానమ్మ ఎద్దుల బండిలో వచ్చి అన్నీ విప్పించి చూసేది. పటం చెడితే బైబిలమ్మ పని పోయినట్టే. మళ్లీ రోడ్డు పనికి పోయి ఎండలో కంకర కొట్టుకోవాల. అది సరే, కొట్టుకుంటుంది, కొత్తేం కాదు. ఇంక ఏసు మాట చెప్పేదానికి తనను ఎవరి వాకిట్లోకీ రానివ్వరే అన్నదే ఆమె అసలు భయం.

ఆ ఏడు వాన మొహం చాటేసింది. ఆదివారం దొరసానమ్మ వస్తోందని కబురొచ్చిన వారంలోనే జీవమ్మ తప్పు చేసింది. రెడ్లు తమ చేలో ఎరువు కోసం కురువ పెద్ద ఈరన్న గొర్రెల మందను కట్టించుకున్నారు. గొర్రెలు ఈనే కాలం. ఆ సంగతి తెలిసి కూడా, జనం అక్కడే ఉన్నారు కదా అని ఆ చేను గట్టు మీదే పటం తగిలించింది. గొర్రెపిల్ల దిగింది, తల్లుల అరుపులు విన్నది, అటే పోయింది. ప్రార్థన అయిపోయి అందరూ ఆమెన్ అన్నారు. కాపరి భుజం ఖాళీగానే ఉంది.

జీవమ్మ పటాన్ని అక్కడే వదిలేసింది. "అయ్యో ప్రభువా! రా నాయనా, రా" అని గట్టు పొడుగునా పిలుస్తూ తిరిగింది. జనం కూడా కంపచెట్ల కింద వెతికిపెట్టారు. దొరకలేదు. రాత్రంతా ఆమెకు కునుకు లేదు. తెల్లారగానే పోయి ఈరన్న దొడ్డి తడికె కాడ నిలబడింది.

"ఈరన్నప్పా, మా పటంలో పిల్ల నీ మందలోకి వచ్చిందా?"

పెద్ద ఈరన్న కంబళి సర్దుకుంటూ లేచాడు. మంచివాడే గానీ కోపం ముక్కు మీద ఉంటుంది. "ఆడనే నిలబడు. ఈనే కాలంలో బయటి ఆడమనిషి దొడ్లో కాలు పెట్టకూడదు."

"పెట్టను లేప్పా. నువ్వే పట్టి ఇయ్యి."

"ఇయ్యలేను." ఈరన్న మొహం పక్కకు తిప్పుకున్నాడు. "తడికె సందులోంచి చూడు, నీకే తెలుస్తాది."

చూసింది. బక్కచిక్కిన గొర్రె ఒకటి నిలబడి ఉంది, దాని పొదుగు కింద పటంలోని పిల్ల. పిల్ల వీపు మీద ఇంకో పిల్ల తోలు కట్టి ఉంది. ఈనిన పిల్ల చచ్చిపోతే కాపర్లు చేసే పనే అది. చచ్చినదాని తోలు ఒలిచి తల్లిలేని పిల్లకు కడతారు. ఆ వాసనకు తల్లి తన బిడ్డే అనుకొని పాలిస్తుంది.

"దీని పిల్ల చచ్చిపోయి, ఇది మేత ముట్టకుండా పడిపోయింది," అన్నాడు ఈరన్న. "సందేళ మీ పిల్ల వచ్చింది. తల్లిలేనిది అనుకొని తోలు కట్టినా. ఇప్పుడే రోంత లేసి నిలబడింది. పిల్లను లాక్కుంటే ఇది సస్తాది. కరువులో పోయినవి పోగా నాకు మిగిలినవే ఇవి."

"నా పని పోతాదప్పా. దొరసానమ్మకు ఏమని చెప్పాల?"

"నాకేం తెలుసు? మీ దేవుని బొమ్మ కదా, ఆయన్నే అడుగు. మాకు బీరప్ప ఉండాడు."

జీవమ్మకు ఒళ్లు మండింది. పాట ఎత్తుకుంటే చాలు, పిల్ల తడికె దూకి వచ్చేస్తుంది. ఆ సంగతి ఆమెకు తెలుసు, ఈరన్నకు తెలీదు. నిన్న వెతికే కంగారులో ఆమెకే తట్టలేదు. పాట గొంతు దాకా వచ్చింది కూడా. అంతలో ఆ గొర్రె వణుకుతున్న కాళ్ల మీద తిరిగి పిల్లను నాకింది. జీవమ్మ పాటను మింగేసింది.

"ఉండనీలే," అని వెనక్కి తిరిగింది. ఇల్లు చేరేదాకా ఏడుస్తూనే ఉంది.

ఆ తర్వాత పటం విప్పలేదు. పాడితే పిల్ల వచ్చేస్తుందేమోనని ఇంట్లో కూడా పాట పాడలేదు. అన్నం సయించలేదు. పక్కింటి సంతోషమ్మ వచ్చి, "ఇంత సున్నంతో ఒక పిల్లను గీసేద్దామా అక్కా? దొరసానమ్మకు చత్వారమే కదా" అంది.

"నీ తెలివి తెల్లారినట్టే ఉండాది! దొంగ పిల్లను చూపిచ్చి ఏసు సంగతి చెప్పమంటావా?" అని కసిరి, మళ్లీ ఆమె భుజం మీదే పడి ఏడ్చింది.

ఆదివారం మిషన్ గుడి ముందర పందిట్లో కుర్చీ వేసుకొని దొరసానమ్మ పటాలు విప్పించింది. మంచి కాపరి పటం వంతు వచ్చింది. జీవమ్మ దాన్ని మెల్లగా విప్పింది. గొర్రెపిల్ల లేదు. కాపరీ లేడు. పచ్చిక, రాళ్లు, వెనక ఒక కొండ, అంతే.

దొరసానమ్మ కళ్లజోడు సర్దుకొని, పుస్తకాలు చదివి నేర్చిన తెలుగులో అడిగింది. "జీవమ్మా, గొర్రెపిల్ల తప్పిపోవుట కలదు. కాపరిని కూడ పోగొట్టితివా?"

"నాకు తెలీదమ్మా. ఆ పొద్దునుంచి విప్పనేలేదు."

"చుట్టను ఇచ్చట పెట్టుము. ఇక నీవు వెళ్లవచ్చును."

లేవి చేసిన పని, ఆమె చేసిన పని, ఒక్క మాటతో అయిపోయింది. జీవమ్మ చుట్టను బల్ల మీద పెట్టింది. యాడికి పోవాలో తెలియక అక్కడే నిలబడిపోయింది.

అప్పుడు వచ్చాడు పెద్ద ఈరన్న, రొప్పుతూ. గుడి వాకిట్లో ఏనాడూ కాలు పెట్టని మనిషి పందిరి గుంజ కాడ చెప్పులు విడిచాడు.

"ఏమైందప్పా? పిల్లకేమన్నా అయిందా?" జీవమ్మ ఎదురుపోయింది. "మందను ఎవరికి ఇడిసి వచ్చినావు?"

"మీ పటంలో ఆయప్పకే. మొన్న వచ్చినాడు. పిల్లను ఎత్తుకుపోతాడని నేను కట్టె ఎత్తినా. ఎత్తుకుపోలేదు. ఆ గొర్రె పక్కనే కూర్చున్నాడు." ఈరన్న కళ్లు తుడుచుకున్నాడు. "పొద్దున గుండ్ల మీంచి చిరుత నా మీదికే దూకింది జీవమ్మా. ఆయప్ప అడ్డం పడినాడు. అంగీ చినిగి చేతులన్నీ నెత్తురు. చిరుత పోయింది, నేను బతికినా. కట్టు కట్టి సంగటి పెడితే తిన్నాడు. నువ్వెవరు సామీ, కట్టె ఎత్తినోని కోసం ఎందుకు నెత్తురు కార్చినావు అంటే పలకడు. నగుతాడు. మళ్లీ అడిగితే నీ ఇంటి దిక్కు చెయ్యి చూపిస్తాడు."

దొరసానమ్మ లేచి చుట్టను జీవమ్మ వైపు జరిపింది. జీవమ్మ అది చూడనే లేదు.

"దొడ్లోకి నేను రావచ్చునా అప్పా?"

"రా తల్లీ. ఆయనెవరో నువ్వు చెప్పకపోతే నాకింగెవరు చెప్తారు?"

జీవమ్మ కొంగు బిగించి అతని వెంట నడిచింది. గుడి వాకిలి దాటకముందే చెప్పడం మొదలుపెట్టింది.