చేతులు కడిగిన నీళ్ళు

మా బావమరిది కోటేష్‌కి కామెర్లొచ్చాయి. పసరు వైద్యుడు అతని చేతులకు పసరు రాసి, సున్నపు నీళ్ళతో కడిగాడు. పళ్ళెంలో నీళ్ళు పసుపుపచ్చగా మారాయి.

"చూశావా బావా, రోగం దిగిపోతోంది!" అన్నాడు కోటేష్.

తొంభై ఎనిమిదిలో వాళ్ళక్కకీ ఇలాగే దిగింది. సంబరంగా ఇంటికి తెచ్చుకున్నాను. అది హెపటైటిస్ అని గుంటూరు బ్రాడీపేట డాక్టరు చెప్పేసరికి లివర్ గట్టిపడిపోయింది. నా భార్య దక్కలేదు.

నేనూ చేతులు చాపాను. "నాకూ కడుగయ్యా."

నా నీళ్ళు ఇంకా పచ్చగా వచ్చాయి.

"మీకూ ఉన్నాయండీ కామెర్లు," అన్నాడు వైద్యుడు తడుముకోకుండా.

"అయితే నీవీ కడుగు."

వైద్యుడు చేతులు వెనక్కి దాచుకున్నాడు. కోటేష్ లేచి చెప్పులేసుకున్నాడు.

"బావా, గుంటూరు బస్సు ఎన్నింటికి?"